నాలుగో టేబుల్ ఎదుటి కుర్చీ

మా ఆయన ముప్ఫై రెండేళ్ళుగా హోటల్లో సర్వరు. అదే హోటల్ వంటగదిలో నేను ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. కూరలు తరగడం, పళ్ళేలు కిటికీలో పెట్టి కేకేయడం నా పని. కిటికీ అంటే వంటగదికీ హాలుకీ మధ్య గోడలో ఉన్న రెండు జానల సందు. వేడి పళ్ళేలు అందులోంచి అటు పోతాయి, ఎంగిలివి అందులోంచే ఇటు వస్తాయి. నా మొగుణ్ణి నేను ఎక్కువగా చూసింది ఆ సందులోంచే. ఇంటికొచ్చాక చూసేదేముంది, కాళ్ళు వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతాడు.

సర్వరు పని సంగతి తెలియని వాళ్ళకి కాస్త చెప్పాలి. కూర మాడితే తిట్లు వంటవాడికి కాదు, సర్వరుకి. ఆలస్యమైతే సర్వరుకి. పక్క టేబుల్ వాళ్ళ పిల్ల ఏడ్చినా సర్వరుకే. కొందరు చిటికె వేసి పిలుస్తారు, కొందరు చెంచాతో గ్లాసు మీద కొడతారు. ఒక పెద్దమనిషి ఎనిమిదేళ్ళు వచ్చాడు గానీ ఒక్కసారి కూడా మా ఆయన మొహం చూడలేదు, ఆర్డరంతా చొక్కా గుండీలకే చెప్పేవాడు. ఇవన్నీ నవ్వుతూ పడాలి. నాలాంటి ముక్కు మీద కోపమున్న మనిషైతే మొదటి రోజే సూపు నెత్తిన పోసి బయటకి నడిచేది.

అయినా ఆ పనిలో ఏదో ఉంది. ఒక రిటైరైన పంతులమ్మ వచ్చేది. కుడిచేయి పడిపోయింది. మా ఆయన కప్పు చెవి ఎడమవైపుకి తిప్పి పెట్టేవాడు, రొట్టె వంటగదిలోనే ముక్కలు చేయించి తీసుకెళ్ళేవాడు. ఆవిడ అడగనూ లేదు, ఈయన చెప్పనూ లేదు. ఎప్పుడైనా ఈయన సెలవు పెడితే ఆవిడ కిటికీ దాకా వచ్చి, "నీ మొగుడు రాలేదా అమ్మాయ్?" అని అడిగి, లేడంటే తినకుండానే వెళ్ళిపోయేది. ఆ సంగతి చెప్పినప్పుడు మా ఆయన మొహం చూడాలి. ఎడంచేత్తో నాలుగు పళ్ళేలు, కుడిచేత్తో రెండూ పట్టుకుని కిక్కిరిసిన హాల్లో ఒక్క చుక్క ఒలకకుండా నడిచేటప్పుడు కూడా ఆ మొహం అలాగే ఉండేది. అదే మనిషి ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో ఎరగడు.

ఆయనకి ఇంకో విద్య ఉండేది. మధ్యాహ్నం గుమ్మం దగ్గర జనం నిలబడి ఉంటే, తిన్న తరవాత కూడా కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్న వాళ్ళని లేపాలి. నోటితో అనకూడదు, అంటే గొడవ. మా ఆయన ముందు నీళ్ళు పోయడం మానేస్తాడు. తరవాత ఉప్పు డబ్బా తీసుకెళతాడు. ఆ తరవాత తడిగుడ్డతో టేబుల్ తుడుస్తాడు, మోచేతులు వాటంతటవే పైకి లేచేలాగా. అప్పటికీ కదలకపోతే బిల్లు పెట్టి, పక్కనే నిలబడి గోడ వైపు చూస్తాడు. చివరి మంత్రం ఒకటుంది. ఖాళీ కుర్చీ ఏదైనా ఉంటే, "పక్క టేబుల్‌కి కావాలండీ" అని లాగేస్తాడు. కుర్చీ లాగాక కూర్చున్న మనిషిని నేను చూడలేదు. ఓనరు గల్లా దగ్గర నుంచి చూసి మురిసిపోయేవాడు, కొత్త సర్వర్లని ఈయన వెనకాల తిప్పేవాడు. అలవాటు ముదిరి ఇంట్లో కూడా పిల్లలు ముద్ద మింగకముందే బల్ల తుడవడం మొదలుపెట్టేవాడు. మా పెద్దది కంచం ఒళ్ళో పెట్టుకుని, "నాన్నా, నేనింకా కస్టమర్నే!" అని అరిచేది. ఇంటిల్లిపాదీ పడి పడి నవ్వేవాళ్ళం.

ఒక గురువారం పన్నెండు గంటలకి ఒకావిడ ఒంటరిగా వచ్చి నాలుగో టేబుల్ దగ్గర కూర్చుంది. నలభై లోపు ఉంటాయి. సన్నటి మనిషి, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, చేతిలో పొడుగు గొడుగు. గొడుగు గోడకి ఆనించి, గుమ్మం కనిపించేలాగా కూర్చుని, టీ చెప్పింది. పన్నెండున్నరకి హాలు నిండింది. ఒంటిగంటకి గుమ్మం బయట పన్నెండు మంది నిలబడ్డారు. ఆవిడ మాత్రం టీతోనే కూర్చుని ఉంది. మా ఆయన ఓసారి దగ్గరకెళ్ళి ఇంకేమైనా కావాలా అని అడిగితే, "మా వాళ్ళు వస్తారు. కొంచెంసేపు కూర్చోనివ్వండి" అంది.

ఓనరు గల్లా దగ్గర నుంచి కళ్ళెగరేశాడు. అంతే, మా ఆయన విద్య మొదలుపెట్టాడు. నీళ్ళు ఆపాడు. ఉప్పు తీశాడు. తుడిచాడు. ఆవిడ గుడ్డ తగలకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుందే గానీ లేవలేదు. బిల్లు పెట్టాడు. ఆవిడ బిల్లు వైపు కాకుండా గుమ్మం వైపు చూసింది. అప్పుడు మా ఆయన ఎదుటి కుర్చీ లాగి పక్క టేబుల్‌కి వేసేశాడు. ఆవిడ ఒక నిమిషం ఆ ఖాళీ వైపు చూసి, గొడుగు తీసుకుని, జనాన్ని తప్పుకుంటూ వెళ్ళిపోయింది. అప్పుడు గడియారంలో ఒంటిగంటా పది. పళ్ళేలు అందిస్తూ అందిస్తూ నేను కిటికీలోంచి చూశాను. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు నవ్వే వచ్చింది.

అయిదు నిమిషాలు తిరక్కుండా ఒకాయన హడావిడిగా లోపలికొచ్చాడు. యాభై దగ్గర ఉంటాయి, అప్పుడే గీయించుకున్న గడ్డం, చెవి కింద సబ్బు నురగ కూడా సరిగ్గా తుడుచుకోలేదు. ప్రతి టేబులూ చూసి, మా ఆయన్ని పట్టుకున్నాడు. "ఏమండీ, ఇక్కడికి ఒకావిడ వచ్చిందా? సన్నగా ఉంటుంది, ఇదిగో ఇక్కడ కనుబొమ్మ మీద మచ్చ. నా కోసం కూర్చుని ఉంటుంది" అన్నాడు.

మా ఆయన చేతిలో ఆరు పళ్ళేలున్నాయి. ఓనరు వింటున్నాడు. ఆ ముందు వారమే కస్టమరు ఫిర్యాదు చేశాడని ఒక సర్వరుని నిలబెట్టి పనిలోంచి తీసేశాడు. వచ్చిందని చెబితే ఎప్పుడెళ్ళిందంటాడు, ఎందుకెళ్ళిందంటాడు. మా ఆయన, "లేదండీ. ఎవరూ రాలేదు" అనేశాడు. ఆ క్షణాన నిజం చెప్పి ఉంటే ఆ మనిషి పరిగెత్తేవాడు, వీధి మలుపు దగ్గరే ఆవిడ దొరికేది. ఆయన టేబుల్ ఖాళీ అయ్యేదాకా నిలబడి, మూడింటి దాకా అదే నాలుగో టేబుల్ దగ్గర, ఆవిడ కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. ఆయన్ని మాత్రం మా ఆయన లేపలేదు.

ఆ సాయంత్రం అంట్ల దగ్గర మా ఆయన నాకీ సంగతి చెప్పి, "రేపు ఆయనొస్తే చెప్పెయ్యనా?" అని అడిగాడు. నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నీకేమన్నా పిచ్చా? నోరు మూసుకుని ఊరుకో. వాళ్ళూ వాళ్ళూ ఎక్కడో అక్కడ కలుసుకుంటారు. మనకి ముగ్గురు పిల్లలున్నారు" అన్నాను. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం ఊరుకున్నాం.

వాళ్ళు కలుసుకోలేదు. ఆ మనిషి మరుసటి గురువారం ఒంటిగంటకి వచ్చాడు. ఆ పై గురువారం వచ్చాడు. పదకొండేళ్ళు వచ్చాడు. పేరడగడానికి మాకు ధైర్యం లేక గురువారం ఆయన అనుకునేవాళ్ళం. మా ఆయన పళ్ళెం పెట్టేటప్పుడు ఓ మాట, తీసేటప్పుడు ఓ మాట, అలా ఏళ్ళ మీద కథంతా గురువారం ఆయనే చెప్పుకొచ్చాడు. ఆవిడ ఆయన చెల్లెలు. తల్లీ తండ్రీ పోతే తనే పెంచాడు. తనకి నచ్చని మనిషిని చేసుకుందని, "నీ మొహం చూడను" అని గెంటేశాడు. పన్నెండేళ్ళ తరవాత చెల్లెలు ఉత్తరం రాసింది. ఫలానా గురువారం ఒంటిగంటకి ఆ హోటల్లో ఉంటాను, వస్తే వచ్చినట్టు, రాకపోతే ఇక నిన్ను విసిగించను అని. ఉత్తరం మీద చిరునామా లేదు. గురువారం ఆయన పెరిగిన గడ్డంతో కనబడటం ఇష్టం లేక మంగలి షాపులో ఆగాడు. అక్కడ ముందు ఇద్దరున్నారు.

"కానీ అది ఎప్పుడూ గంట ముందే వచ్చే రకం" అనేవాడు గురువారం ఆయన. "పదిహేను నిమిషాలు ఆగలేనిది కాదు. రాలేదంటే రాలేదనే. రాయడమైతే రాసింది గానీ, మనసొప్పలేదు దానికి." మరి ప్రతి వారం ఎందుకొస్తాడో ఆయన చెప్పలేదు, మా ఆయన అడగలేదు. ఎంత కోపమున్నా కాళ్ళు ఆగవు కాబోలు.

మా ఆయనకి ఆ ఏళ్ళు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. ముందు ఆయన విద్య పోయింది. టేబుల్ తుడుస్తూ తుడుస్తూ చేయి ఆగిపోయేది, కస్టమరు ఇంకో గంట కూర్చున్నా ఏమీ అనలేకపోయేవాడు. ఓనరు గొణిగి గొణిగి చివరికి ఆయన్ని మూల టేబుళ్ళకి మార్చాడు. నాలుగో టేబుల్ మాత్రం వదలనన్నాడు, బతిమాలి మరీ ఉంచుకున్నాడు. ఎవరైనా కుర్చీ లాగితే ఉలిక్కిపడేవాడు. నిద్రలో, "ఆ కుర్చీ లాగకండ్రా" అని కేకలేసేవాడు. ఒక మిట్టమధ్యాహ్నం, హాలు సగం నిండి ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్న నాలుగో టేబుల్ దగ్గర నిలబడి వంగి, "ఇంకేమైనా కావాలా అమ్మా?" అని అడిగాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆయన నా దగ్గరకొచ్చి సందులోకి వంగి, "గొడుగు గోడకి ఆనించి ఉందే, నీకు కనబడలేదా?" అన్నాడు. గోడ దగ్గర ఏమీ లేదు. నేను కోప్పడి పంపించేశాను గానీ, ఆ తరవాత నేను కూడా ఆ గోడ వైపు చూడకుండానే పళ్ళేలు కిటికీలో పెట్టేదాన్ని.

గురువారం ఆయన ఏం చేసినా మంచే చేసేవాడు, అదో శిక్ష. మా ఆయనకి జ్వరమొస్తే మందులు తెచ్చాడు. మా పెద్దది చదువు ముగించిందంటే దానికి కలం కొనిచ్చాడు. "ఇన్ని హోటళ్ళు చూశాను, ఇంత నమ్మకమైన సర్వరుని చూడలేదమ్మా" అని నాతో అన్నాడు ఒకసారి. ఆ మాట విని మా ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు.

పదకొండో ఏట ఒక గురువారం ఆయన వచ్చి కూర్చున్నాడు గానీ తినడానికి ఏమీ చెప్పలేదు. మా ఆయన పక్కన నిలబడ్డాడు. హాలు రద్దీగా ఉన్నా ఆ మాటలు నాకు వినబడ్డాయి, నాలుగో టేబుల్ కిటికీకి దగ్గర.

"మా చెల్లెలి మొగుడు నా కొత్త అడ్రసు ఎలాగో పట్టుకుని కబురు పెట్టాడయ్యా. దానికి ఒంట్లో బాగాలేదట. మంచం పట్టి నెల్రోజులైందట, ఇక లేవదట. ఒకసారి వచ్చి చూసి పొమ్మంటాడు."

"వెళ్తున్నారా సార్?" అన్నాడు మా ఆయన.

"నేనెందుకు వెళ్ళాలి? అది పిలిచిందా? మొగుడు పిలిచాడు. ఆ రోజు ఇక్కడికి రావడానికి మనసొప్పనిది, ఇప్పుడు నన్ను చూసి ఏం చేసుకుంటుంది? ఆ రోజు వచ్చి ఉంటే, ఎన్ని ఊళ్ళు దాటైనా పాక్కుంటూ వెళ్ళేవాణ్ణి."

మా ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. నోరు తెరిచాడు. "సార్, మీకో సంగతి..." అన్నాడు.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి కేక వినబడింది. "ఏమయ్యో! సూపులు చల్లారిపోతున్నాయి!" ముప్ఫై రెండేళ్ళ అలవాటు. ఆ కేక వినబడితే ఆయన కాళ్ళు ఆయన మాట వినవు. వెనక్కి తిరిగి వచ్చి, పళ్ళెంలో ఆరు సూపులు ఎత్తుకుని మూల టేబుల్‌కి నడిచాడు. తిరిగొచ్చేసరికి నాలుగో టేబుల్ ఖాళీగా ఉంది. వీధిలోకి పరిగెత్తాడు గానీ ఆయన కనబడలేదు.

ఆ వారం ఎలా గడిచిందో దేవుడికి తెలియాలి. మా ఆయన చుట్టుపక్కల ఉన్న మంగలి షాపులన్నీ తిరిగాడు, పదకొండేళ్ళ కిందట ఒక గురువారం గడ్డం గీయించుకున్న మనిషి ఇల్లెక్కడో తెలుసా అని అడుగుతూ. వాళ్ళు ఈయన్ని పిచ్చివాడి కింద జమకట్టారు. గురువారం వచ్చింది, ఆయన రాలేదు. వెళ్ళి ఉంటాడు, చెల్లెల్ని చూడటానికే వెళ్ళి ఉంటాడు అని నేను ధైర్యం చెప్పాను.

ఆ పై గురువారం ఒంటిగంటకి ఆయన వచ్చాడు. కూర్చుని, "పోయిందట. పోయిన బుధవారం. వెళ్ళలేదు నేను" అన్నాడు. అని, రోజూ చెప్పే మాటే అన్నట్టుగా, "టీ తీసుకురా" అన్నాడు.

మా ఆయన టీ తెచ్చాడు. కప్పు ఆయన ముందు పెట్టాడు. తరవాత భుజం మీది గుడ్డ తీసి, ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ముప్ఫై రెండేళ్ళలో ఆ హాల్లో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. ఓనరు గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. నేను కత్తిపీట వదిలేసి హాల్లోకి వెళ్ళి, మా ఆయన వెనకాల నిలబడ్డాను.

"ఆవిడ వచ్చారు సార్. మీకంటే ముందు వచ్చారు. పన్నెండింటికే వచ్చారు. నేనే లేపేశాను. మీరు అడిగితే రాలేదని అబద్ధం చెప్పాను" అన్నాడు మా ఆయన. ఆపకుండా అంతా చెప్పాడు, నీళ్ళు ఆపిన దగ్గర నుంచి కుర్చీ లాగేదాకా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడెందుకీ మాట అని నా మనసులో ఒక మూల ఇంకా అనిపిస్తూనే ఉంది. అంత నీచపు మనసు నాది. అందుకే నేను కూడా చెప్పాను.

"బాబూ, రెండు వారాల కిందట ఈయన మీకు చెప్పబోయాడు. ఆ కేక వేసింది నేను. సూపులేమీ చల్లారలేదు, అప్పుడే పొయ్యి మీంచి దించాను. ఈయన మొహం చూసి, చెప్పేస్తాడని తెలిసే కేకేశాను" అన్నాను. మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఆ సంగతి ఆయనకి కూడా నేను అప్పటిదాకా చెప్పలేదు.

గురువారం ఆయన మా ఇద్దరి వైపూ చూడలేదు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. టేబుల్ చెక్క మీద వేలితో రాస్తూ, "ఏం తిన్నది?" అని అడిగాడు.

"ఏమీ తినలేదు సార్. టీ తాగారు."

"ఒక్క టీతో గంటన్నర కూర్చుందా?"

"గంటా పది నిమిషాలు. రెండు టీలు తెప్పించారు సార్. ఒకటి తాగారు. రెండోది ఇటుపక్క, ఇదిగో, నేను కూర్చున్న చోట పెట్టించి, దాని మీద సాసరు మూతపెట్టారు. అది చల్లారిపోతే మళ్ళీ వేడిది తెమ్మన్నారు. అలా రెండుసార్లు మార్పించారు. నేను విసుక్కుంటే, 'ఏమీ అనుకోకండి, చల్లారితే మా అన్నయ్య తాగడు' అన్నారు." మా ఆయన ఈ మాట పదకొండేళ్ళలో నాతో కూడా అనలేదు. "మూడో కప్పు వేడిగా ఉండగానే నేను ఎత్తేశాను సార్."

చుట్టూ జనం తింటున్నారు, ఎవరో చిటికె వేసి పిలుస్తున్నారు, గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్ళు మా వైపే గుర్రుగా చూస్తున్నారు.

"అవును" అన్నాడు చివరికి. "చల్లారితే తాగను. చిన్నప్పుడు నేను పని నుంచి వచ్చేసరికి అలాగే మూతపెట్టి ఉంచేది." అని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, అంత పెద్దమనిషి, అంత జనంలో, గొంతెత్తి ఏడ్చాడు. మేమిద్దరం ఆయన్ని ముట్టుకోవడానికి కూడా భయపడి అలాగే ఉండిపోయాం.